సాక్షికి సాక్షి యెవరు?

గాజువాక రిజిస్ట్రారు కచేరికి ఒక్క పర్యాయమైనను పోయినవారికి ఈ దృశ్యము తెలిసియే యుండును. భూమిని విక్రయించువాడు దస్తావేజు చేతబట్టుకొని నిలుచుండును. కొనువాడు ప్రక్కనే యుండును. అయినను "నేనే ఫలానివాడను" అని విక్రయించువాడు చెప్పుకొన్నంతమాత్రమున పని నెరవేరదు. వాని నెఱిగిన సాక్షులు ముందునకు వచ్చి, "ఇతనిని మేమెఱుగుదుము" అని పలికి సంతకములు చేయవలెను. 1966వ సంవత్సరమున ఉక్కు కర్మాగారముకొఱకు ఆంధ్రదేశమున చెలరేగిన ఆందోళనమును, 1971 జనవరి 20వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధీ గావించిన శంకుస్థాపనమును ఈ ప్రాంతపు పొలములను ఇండ్ల స్థలములుగా మార్చివైచినవి. ఊరివారందఱును ఒకరినొకరు ఎఱిగియున్న కాలము గతించి, నాలుగు దిక్కులనుండి వచ్చినవారు ఇరుగుపొరుగులైరి. ముఖపరిచయము తగ్గినకొలది సాక్షికి విలువ హెచ్చినది. దొంగసాక్షివలన కలుగు నష్టమును హెచ్చినది. సాక్షి మాటను మనము నమ్ముచున్నాము. ఆ సాక్షి నమ్మదగినవాడని మనకు చెప్పువారెవరు?

ఈ ప్రశ్న భూముల క్రయవిక్రయములతో ముగిసిపోవునది కాదు. నేడు అదే గాజువాకలో, అదే యింటి యజమానురాలు వంటయింటి గడపపై కూర్చుండి సెల్‌ఫోనులో విద్యుత్తు రుసుము చెల్లించుచున్నది; ఇంటిపన్ను కట్టుచున్నది; మామగారి పింఛను బ్యాంకునకు చేరినదో లేదో చూచుకొనుచున్నది. ఆమె మాటలాడుచున్నది నిజముగా ఆమె బ్యాంకుతోనేయని ఆమెకెట్లు తెలియును? దారిలో నెవడైన నిలిచి, బ్యాంకువలె వేషముధరించి, రహస్యపదమును గ్రహింపవచ్చును గదా! ఇక్కడను సాక్షి యొకడున్నాడు. అతడు కంటికి కనబడడు. అతని నెన్నుకొన్నది ఆమె కాదు. ఆమె యెన్నుకొన్న ప్రభుత్వమును కాదు. అతని నెన్నుకొన్నది బ్రౌజరును నిర్మించిన సంస్థ. ఈ యేర్పాటెట్లు కలిగినదో, ముప్పది సంవత్సరములలో నెన్ని దెబ్బలు తిని నేటి రూపమునకు వచ్చినదో తెలిసికొనుట చదువుకొన్న ప్రతి కుటుంబమునకు నవసరము.

మొదట యంత్రాంగమును సంగ్రహముగా చెప్పెదను. ప్రతి వెబ్‌సైటునకు రెండు తాళపుచెవులవంటి పెద్ద సంఖ్యలుండును. ఒకటి యజమానుడు దాచుకొనునది. రెండవది లోకమునకు వెల్లడిచేయునది. వెల్లడిచేసిన సంఖ్యతో మూసిన మాటను, దాచిన సంఖ్య గలవాడు తప్ప మఱియొకడు తెఱవజాలడు. ఇంతవరకు గణితమే కావలి. అయితే "ఈ సంఖ్య ఫలాని బ్యాంకుది" అని చెప్పుటకు గణితము చాలదు, మనుష్యుడు కావలెను. ఆ పని చేయునవి ధ్రువీకరణ సంస్థలు. అవి విచారించి, "ఈ పేరును ఈ సంఖ్యయు ఒకరివే" యని వ్రాసి సంతకముచేసి యిచ్చునదే ధ్రువపత్రము. ఆ సంతకమును పరీక్షించుటకు బ్రౌజరు తనవద్ద నొక పట్టికను ముందుగనే యుంచుకొనును. అందు నూటికి మించిన మూలధ్రువపత్రములుండును. పట్టికలో నున్న సంస్థ సంతకమైనచో ద్వారము నిశ్శబ్దముగా తెఱచుకొనును. లేనిచో బ్రౌజరు పెద్ద యక్షరములతో హెచ్చరించును.

ఇందొక చిక్కు కలదు. పట్టికలోని యే సంస్థయైనను లోకములోని యే పేరునకైనను సాక్ష్యము చెప్పగలదు. గాజువాక భూమికి గాజువాకవాడే సాక్షియై యుండవలెనన్న నియమము లేక, దేశాంతరములందలి యే యపరిచితుడు వచ్చి సంతకము చేసినను రిజిస్ట్రారు అంగీకరించునట్లే యిది. కావున పట్టికయంతయు తనలోని మిక్కిలి బలహీనుడైన సాక్షి యెంత గట్టివాడో యంతే గట్టిది. ఈ విషయ చరిత్రమంతయు ఈ యొక్క వాక్యమునకు వ్యాఖ్యానమని చెప్పవచ్చును.

1994వ సంవత్సరాంతమున అమెరికాలో నెట్‌స్కేపు అను కంపెనీ తన బ్రౌజరును వెలువరించి, మఱుసటి సంవత్సరమున గుప్తసంభాషణపద్ధతిని లోకమున కందించెను. అదే 1995లో వెరిసైను అను ధ్రువీకరణ సంస్థ పుట్టెను. అదే సంవత్సరమున దక్షిణాఫ్రికాలో మార్కు షటిల్‌వర్తు అను యువకుడు థాట్ అను మఱియొక సంస్థను స్థాపించెను. అప్పుడు బ్రౌజరు సంస్థలకును సాక్షులకును నడుమ నున్నది వ్యాపార సంబంధమే గాని శాస్త్రసిద్ధమైన నిబంధన కాదు. ఈ వ్యాపారమునకు విలువ యెంత త్వరగా పెరిగినదనగా, 1999లో థాట్‌ను వెరిసైను కొనుటకు నిర్ణయించిన మూల్యము 57 కోట్ల 50 లక్షల డాలర్లు! సాక్ష్యము చెప్పుటయే యింత లాభకరమైన వృత్తియైనపుడు, ఎక్కువ సాక్ష్యములను వేగముగా చెప్పవలెనన్న యాశ కలుగుట సహజము. 2001 జనవరి నెలాఖరున ఆ యాశ ఫలితము సంభవించెను. వెరిసైను సంస్థ, మైక్రోసాఫ్టు ఉద్యోగినని చెప్పుకొన్న మోసగాని కొకనికి "మైక్రోసాఫ్టు కార్పొరేషను" పేరిట రెండు ధ్రువపత్రములను వ్రాసి యిచ్చెను. లోకమున కెల్ల పెద్ద సాక్షి, లోకమున కెల్ల పెద్ద కంపెనీలలో నొకదాని విషయమున పొరపాటుపడెను.

ఆ కాలముననే నిబంధనలు మొలకెత్తినవి. అమెరికా, కెనడా దేశముల గణకుల సంఘములు 2000వ సంవత్సరమున ధ్రువీకరణ సంస్థల తనిఖీకొఱకు వెబ్‌ట్రస్టు అను కొలమానము నేర్పఱచెను. ఫైర్‌ఫాక్సును పోషించు మొజిల్లా సంస్థ 2005లో తన విధానమును వ్రాతమూలముగా ప్రకటించి, పట్టికలో చేరగోరు సంస్థల యర్హతను బహిరంగముగా చర్చించు పద్ధతిని స్థాపించెను. ఈ బహిరంగచర్చయే యీ చరిత్రలో సంస్కారమునకు నాంది. ఎవడైనను వచ్చి, "ఈ సంస్థ ఫలాని తప్పు చేసినది" అని నిదర్శనముతో చెప్పవచ్చును. సంస్థ సమాధానము చెప్పుకొనవలెను. ఆ సంవత్సరమే బ్రౌజరు నిర్మాతలును ధ్రువీకరణ సంస్థలును కలిసి యొక ఉమ్మడి సంఘముగా నేర్పడిరి. ఆ సంఘమువారి కనీస నిబంధనలు 2012 జులై 1వ తేదీనుండి యమలులోనికి వచ్చెను.

ఆ నిబంధనలు పుట్టుచుండగనే 2011లో హాలెండు దేశమున ఘోరప్రమాదము సంభవించెను. డిజినోటారు అను సంస్థ యంత్రములలో దొంగలు ప్రవేశించి, ఆ సంస్థ సంతకముతో 500లకు మించిన దొంగ ధ్రువపత్రములను సృష్టించిరి. వానిలో నొకటి గూగులు పేరిటిది. దానిని చేతబట్టుకొని ఇరాను దేశమున సుమారు 3 లక్షల చిరునామాలవారి యుత్తరప్రత్యుత్తరములను దారిలో చూచుటకు యత్నము జరిగెను. ఇరానులోని వారెవ్వరును డిజినోటారు పేరైన వినియుండరు. దానిని తమ సాక్షిగా నెన్నుకొనలేదు. పట్టికలో దాని పేరున్నదన్న యొక్క కారణముచేత వారి రహస్యములు పరుల చేతిలో పడినవి. బ్రౌజర్లన్నియు ఆ సంస్థను తొలగించెను. 2011 సెప్టెంబరు 20వ తేదీన అది దివాలా ప్రకటింపబడెను. సాక్షికి నమ్మకము తప్ప వేఱు పెట్టుబడి లేదని లోకము తెలిసికొనెను.

ఇక మన దేశపు కథకు వత్తము. భారతదేశమున సమాచార సాంకేతిక చట్టము 2000 అక్టోబరు 17వ తేదీన అమలులోనికి వచ్చెను. ఆ చట్టముక్రింద ధ్రువీకరణ సంస్థల నియంత్రణాధికారి నియమింపబడెను. ఈ యధికారి మూలధ్రువపత్రమే దేశమున కంతకును వేరు. ఆయన యనుమతి పొందిన సంస్థలు కొమ్మలు. ఆ కొమ్మలలో నొకటి మన తెలుగుగడ్డపైననే యుండెను. భారతీయ రిజర్వుబ్యాంకు 1996లో హైదరాబాదున నెలకొల్పిన బ్యాంకింగు సాంకేతిక పరిశోధనాభివృద్ధి సంస్థ, బ్యాంకుల వ్యవహారములకు ధ్రువపత్రము లిచ్చు సంస్థగా ననుమతి పొందెను. కేంద్రప్రభుత్వపు జాతీయ సమాచార కేంద్రమును మఱియొక కొమ్మ. చట్టమున్నది, అధికారియున్నాడు, అనుమతిపత్రమున్నది. ఇంకేమి కావలెనని మనవారు తలంచిరి.

2014 జులై 2వ తేదీన గూగులు సంస్థవారు, తమ పేర్లకు తమ యనుమతి లేకయే పుట్టిన ధ్రువపత్రములను కనుగొనిరి. వానిపై నున్న సంతకము మన జాతీయ సమాచార కేంద్రమునది. మన నియంత్రణాధికారి మూలధ్రువపత్రము మైక్రోసాఫ్టు పట్టికలో నుండుటచేత, విండోసు యంత్రములలో ఆ పట్టికపై నాధారపడిన బ్రౌజర్లలో కొన్ని ఈ దొంగపత్రములను నిజమని నమ్మియుండెడివి. ఫైర్‌ఫాక్సు మాత్రము నమ్మదు. దాని పట్టికలో మన మూలధ్రువపత్రము చేరియే యుండలేదు. సమాచార మందిన మఱునాడే, జులై 3న, మన నియంత్రణాధికారి ఆ కేంద్రపు పత్రములను రద్దుచేసెను. ఈ వేగము మెచ్చదగినదే. పిమ్మట విచారణ జరిపి, ఆ కేంద్రములో ధ్రువపత్రములిచ్చు ప్రక్రియయే పరులవశమైనదనియు, తప్పుగా వెలువడినవి నాలుగు పత్రములనియు తెలిపిరి. గూగులువారు మాత్రము, ఆ నాలుగు గాక యితరములును తమ దృష్టికి వచ్చినవనియు, కావున నష్టపు హద్దు తెలియరాకున్నదనియు బదులు చెప్పిరి.

అటుపై గూగులువారు చేసిన నిర్ణయము గమనింపదగినది. భారతదేశపు మూలధ్రువపత్రమును తమ బ్రౌజరులో పూర్తిగా కొట్టివేయక, దాని సాక్ష్యము కొలదిపాటి పేర్లకు మాత్రమే చెల్లునని హద్దు గీసిరి. ప్రభుత్వ కార్యాలయముల పేర్లు, విద్యాసంస్థల పేర్లు, రిజర్వుబ్యాంకు పేరు మొదలగునవి యా హద్దులోనివి. ఒక సార్వభౌమరాజ్యపు ముద్ర యెంతవరకు చెల్లునో సముద్రమునకావలి యొక కంపెనీ గీటుగీసి చెప్పెను! చదువరులలో ననేకులకు ఈ మాట వినగానే యభిమానము పొంగివచ్చును. అది సహజమే. కాని యభిమానమునకు ముందు న్యాయమును విచారింపవలెను. నాడు తప్పు జరిగినది మన కచేరిలో. దానిని కనుగొన్నది మనము కాదు.

ఈ సంఘటనమువలన మన దేశమున రెండు విధములైన నమ్మకము లేర్పడినవి. గాజువాక ఆటోనగరులో చిన్న కార్ఖానా గల గుత్తేదారు ప్రభుత్వ సంస్థలకు టెండరు వేయునపుడు, చిటికెనవ్రేలంత యుపకరణమును కంప్యూటరునకు తగిలించి సంతకము చేయును. ఆ సంతకమునకు వేరు మన నియంత్రణాధికారి మూలధ్రువపత్రమే, అది చట్టము దృష్టిలో చేవ్రాలుతో సమానము, న్యాయస్థానములో చెల్లును. అదే మూలమునుండి పుట్టిన ధ్రువపత్రమును వెబ్‌సైటున కుపయోగించినచో క్రోముగాని ఫైర్‌ఫాక్సుగాని యంగీకరింపవు. కావుననే మన ప్రభుత్వ వెబ్‌సైటులలో ననేకము నేడు విదేశ సంస్థల సాక్ష్యముతో నడచుచున్నవి. శాసనము నమ్ముమన్నది వేఱు, బ్రౌజరు నమ్మునది వేఱు. శాసనముచేత సాక్షికి అధికారము కలుగును; నమ్మకము మాత్రము పరీక్షవలననే కలుగును. బెంగుళూరున నున్న ఈముద్ర యను భారతీయ సంస్థ తరువాతి సంవత్సరములలో తనిఖీలకు లోబడి, బహిరంగచర్చకు నిలిచి, తన మూలధ్రువపత్రములను మొజిల్లా పట్టికలో చేర్చగలిగెను. భారతీయులమగుటచేత మనకు ద్వారము మూయబడలేదనుటకు ఇది నిదర్శనము.

పెద్దలకొక న్యాయము, మనకొక న్యాయమా యని యడుగువారుందురు. దీనికిని చరిత్రయే సమాధానము చెప్పుచున్నది. 2013లో గూగులు శాస్త్రజ్ఞులు ఒక బహిరంగ చిట్టాపద్ధతిని ప్రతిపాదించిరి. వెలువడిన ప్రతి ధ్రువపత్రమును ఎవ్వరును తుడిచివేయజాలని చిట్టాలో వ్రాయవలెను. ఆ చిట్టాను లోకములో నెవ్వరైనను చదువవచ్చును. 2018 ఏప్రిలు 30వ తేదీ తరువాత పుట్టిన ధ్రువపత్రములు ఈ చిట్టాలో లేనిచో క్రోము నమ్మదని నిర్ణయమయ్యెను. రిజిస్ట్రారు కచేరిలోని పుస్తకమును వీధి యరుగుపై పెట్టి, "మీ పేరిట నెవడైన దస్తావేజు వ్రాసెనేమో చూచుకొనుడు" అని చాటించినట్లే యిది. ఆ చిట్టా వెలుతురులో మొదట బయటపడిన పెద్దతల యెవరిది? 2010లో వెరిసైను ధ్రువీకరణ వ్యాపారమును కొన్న సిమాంటెక్కు కంపెనీదే. తొలి సాక్షి వారసుడే గూగులు పేరిట ననుమతిలేని పత్రములను పుట్టించెనని 2015లో తేలెను. 2017లో మఱికొన్ని లోపములు వెల్లడియయ్యెను. ఆ సంస్థ యమెరికాదే. లోకమున మిక్కిలి పెద్దవానిలో నొకటి. అయినను 2018 అక్టోబరు నాటికి క్రోము దాని పాత పత్రములను పూర్తిగా త్రోసివేసెను. 2024లో ఎంట్రస్టు అను మఱియొక పాత సంస్థకును ఇదే గతి పట్టెను. దొంగతనము జరిగినందుకు కాదు. తప్పులను దిద్దుకొనుటలో మాటిమాటికి జాప్యము చేసినందుకు.

ఇంత చెప్పినను ఒక్క సందేహము మిగిలియే యున్నది. నేడు లోకములో నధికభాగము నమ్ము పట్టికలు నాలుగే: ఆపిలు, గూగులు, మైక్రోసాఫ్టు, మొజిల్లా సంస్థలవి. గూగులు 2022లోగాని క్రోమునకు తన స్వంత పట్టికను ప్రారంభింపలేదు. నాలుగు సంస్థలును అమెరికాలోనివే. వారి కీ యధికారము నిచ్చినదెవరు? ఎవరును కాదు; మనము వారి బ్రౌజరును వాడుటయే మన సమ్మతి. ఇది కొంత కలవరపెట్టు విషయమే. అయితే ప్రభుత్వముల చేతికే పట్టికనిచ్చినచో నేమగునో కజకస్తాను చూపినది. 2019లో ఆ ప్రభుత్వము తన ప్రజలందఱును తానిచ్చిన మూలధ్రువపత్రమును తమ యంత్రములలో చేర్చుకొనవలెనని కోరెను. చేర్చుకొన్నచో వారి సంభాషణలన్నిటిని దారిలో విప్పి చదువవచ్చును. బ్రౌజరు సంస్థలు దానిని నిరోధించినవి. కంపెనీకి లాభదృష్టి యుండును, ప్రభుత్వమునకు నిఘాదృష్టి యుండును. ఇరువురిలో నెవరిని ఒంటరిగా నమ్మినను ముప్పే. ఇరువురును పలువురి కన్నులయెదుట నిలువవలసినపుడే ప్రజకు రక్షణ.

మన ప్రభుత్వము 2023 ఆగస్టులో స్వదేశ బ్రౌజరు నిర్మాణమునకు పోటీ నేర్పఱచి, నియంత్రణాధికారి మూలధ్రువపత్రము అందులో నుండవలెనని షరతు పెట్టెను. 2025లో జోహో సంస్థవారికి ప్రథమ బహుమానము లభించెను. ఆ సంవత్సరమే అక్టోబరులో, పట్టికల యజమానులలో నొకటియైన గూగులు, విశాఖపట్టణమున ఐదు సంవత్సరములలో 1,500 కోట్ల డాలర్లతో సమాచార కేంద్రమును నిర్మింతునని ప్రకటించెను. యంత్రములు మన యూరికి వచ్చినంతమాత్రమున పట్టికపై నధికారము మన యూరికి రాదు. స్వదేశ బ్రౌజరు పుట్టినంతమాత్రమున స్వదేశ సాక్షి సత్యవంతుడు కాడు. స్వదేశాభిమానము మంచిదే, కాని మన ముద్రకు లోకమున గౌరవము కావలెనన్నచో, మన కచేరి చిట్టాను మనమే ముందుగా విప్పి చూపవలెను, తప్పు జరిగిననాడు పరులకంటె ముందుగా మనమే చాటవలెను.

గృహస్థులకొక మాట. బ్రౌజరులోని తాళపుగుర్తు చెప్పునదొక్కటే: ఈ పేరు గలవానితోనే మీరు మాటలాడుచున్నారు. ఆ పేరుగలవాడు ధర్మాత్ముడని యది చెప్పదు. మోసగాడును తన మోసపు పేరిట ధ్రువపత్రమును తీసికొనవచ్చును. 2015 చివరినుండి లెట్స్ ఎన్‌క్రిప్టు వంటి సంస్థలు ఉచితముగనే యిచ్చుచున్నవి. తాళమును జనులు మంచితనపు గుర్తుగా భ్రమించుచున్నారనియే 2023లో క్రోము ఆ గుర్తును తీసివేసెను. కావున పేరును అక్షరమక్షరము చదువుకొనవలెను. ఇందుకు సాయముగా రిజర్వుబ్యాంకు, మన బ్యాంకుల చిరునామాలన్నియు "బ్యాంక్ డాట్ ఇన్" అను తోకతో ముగియవలెనని 2025లో నిర్ణయించి, మార్పునకు ఆ యేటి అక్టోబరు 31ని గడువుగా పెట్టి, ఆ పేర్లను నమోదుచేయు బాధ్యతను హైదరాబాదులోని పూర్వోక్త సంస్థకే యప్పగించెను. వృద్ధులైన అత్తమామలకు ఈ యొక్క గుర్తు నేర్పుట యింటి కోడలికి పది నిమిషముల పని. దానివలన జీవితకాలపు సంపాదన నిలువవచ్చును.

మన సంస్కర్తలు ఆచారమును పెద్దలు చెప్పిరని నమ్మక, పరీక్షించి నమ్ముమని బోధించిరి. యంత్రములకును ఆ బోధయే చెల్లును. 2025 ఏప్రిలులో జరిగిన నిర్ణయమువలన, ధ్రువపత్రపు గరిష్ఠ కాలపరిమితి 398 దినములనుండి క్రమముగా తగ్గి, 2029 మార్చి నాటికి 47 దినములు కావలసియున్నది. ఒకప్పుడు సంవత్సరముల తరబడి చెల్లిన సాక్ష్యమును ఇకమీదట నెలన్నరకొకసారి మరల చెప్పవలెనన్నమాట. రిజిస్ట్రారు కచేరిలో నిలిచిన సాక్షి నిజము చెప్పుటకు భయపడెడివాడా? భయపడెడివాడు అబద్ధమునకే; ఏలయన, అతడు మఱునాడు అదే వీధిలో నడువవలెను, అదే మనుష్యుల ముఖము చూడవలెను. కంటికి కనబడని యీ క్రొత్త సాక్షులకు అట్టి వీధి లేదు. ఆ వీధిని నిర్మించుటయే, అందఱి కన్నులు దానిపై నిలుపుటయే, ఈ ముప్పది సంవత్సరముల చరిత్ర నేర్పిన పని.